దెబ్బలు తల్లికి, కేసు తల్లిది: మరి పిల్లల సంగతి చూసేదెవరు?

రాత్రి పదకొండున్నరకు 112కి ఫోన్ వెళ్తుంది. పక్కింటివాళ్లు చేసుంటారు. పెట్రోలింగ్ బండి వస్తుంది. భర్త తాగి ఉన్నాడు, భార్య పెదవి చిట్లి ఉంది. కానిస్టేబుల్ ఆయన్ని గదమాయించి, ఆమెతో "పొద్దున స్టేషన్‌కు రామ్మా" అని చెప్పి వెళ్లిపోతాడు. లోపలి గదిలో తొమ్మిదేళ్ల పిల్లాడు నాలుగేళ్ల చెల్లెల్ని పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కానిస్టేబుల్ రాసుకున్న నాలుగు ముక్కల్లో వాళ్లు లేరు. తెల్లారి ఆ పిల్లాడు హోంవర్క్ చూపించలేక బడిలో బెంచీ ఎక్కి నిలబడతాడు. పాప వారంగా అంగన్‌వాడీకి రావడం లేదు. రెండు రోజులయ్యాక తల్లి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, బాత్రూంలో జారి పడ్డానని చెప్పి మందులు తెచ్చుకుంటుంది.

ఇది ఉదాహరణకు అల్లి చెప్పిన ఇల్లు. కానీ ఇలాంటి ఇల్లు లేని మండలం ఉండదు. పోలీసుకు గొడవ తెలుసు, పిల్లల సంగతి తెలియదు. టీచరుకు పిల్లాడు తెలుసు, గొడవ తెలియదు. అంగన్‌వాడీ టీచరుకు రిజిస్టరులో పాప గైర్హాజరు కనిపిస్తుంది, కారణం కనిపించదు. డాక్టరుకు గాయం కనిపిస్తుంది, దాని వెనక మనిషి కనిపించడు. ఈ నాలుగు ముక్కలూ ఒకచోట చేరితే, ఆ పిల్లలిద్దరూ ప్రమాదంలో ఉన్నారని అర్థం కావడానికి అయిదు నిమిషాలు పట్టదు. అవి ఒకచోట చేరే ఏర్పాటే మన దగ్గర సరిగా లేదు. ఎందుకు లేదు, వేరే దేశాల్లో దాన్ని ఎలా కట్టుకున్నారు, కట్టేటప్పుడు ఏ పొరపాటు జరిగితే తల్లీబిడ్డలకు మేలు బదులు కీడు జరుగుతుంది అన్నది ఇక్కడ విడమరచి చెప్పే ప్రయత్నం చేస్తాను.

"పిల్లల మీద చెయ్యి వెయ్యలేదు కదా"

పెద్దమనుషుల పంచాయితీలో, స్టేషన్ కౌన్సెలింగ్‌లో, ఒక్కోసారి కోర్టు వరండాలో కూడా వినిపించే మాట ఇది. ఆయన కోపిష్టే గానీ పిల్లలంటే ప్రాణం అంటారు. ఈ వాదన నిలవదని చెప్పే ఆధారాలు పాతికేళ్ల పైనుంచే ఉన్నాయి. 1998లో అమెరికాలో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, వేలమంది పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగి, ఆ జవాబులను వాళ్ల ఇప్పటి ఆరోగ్యంతో పోల్చి చూశారు. బాల్యంలో ఎదురైన కష్టాల జాబితాలో కొట్టడం, లైంగిక హింసతో పాటు "తల్లిపై హింస" కూడా ఒక అంశం. ఇలాంటి కష్టాలు ఎన్ని ఎక్కువగా పేరుకుంటే, పెద్దయ్యాక డిప్రెషన్, మద్యం అలవాటు, గుండె జబ్బు లాంటివి వచ్చే అవకాశం అంత పెరిగిందని అందులో తేలింది.

పైగా పిల్లలు ఊరికే చూస్తూ ఉండరు. ఏ శబ్దానికి ఏది వస్తుందో వాళ్లకు ముందే తెలుస్తుంది. బండి ఆగిన తీరును బట్టి ఆ రోజు ఎలా గడుస్తుందో చెప్పగలరు. చిన్నవాళ్లను దాచిపెడతారు, అమ్మకు అడ్డం పడతారు, ఫోన్ తీసుకుని అమ్మమ్మకు చేస్తారు. విడిపోయాక కూడా హింస వాళ్ల ద్వారానే సాగుతుంది. "పిల్లల్ని నీకు దక్కనివ్వను" అనే బెదిరింపు, వాళ్ల చేతే కబుర్లు పంపించడం, బడి దగ్గర కాపు కాయడం అన్నీ అందులో భాగాలే. మాట రాని పసిపిల్లలకు ఏమీ తెలియదనుకోవడం కూడా పొరపాటు. నిద్ర, తిండి, బరువు, భయపడే తీరు అన్నింటి మీదా దాని జాడ ఉంటుంది.

ఎంతమంది పిల్లలు? నేరుగా లెక్క లేదు, కానీ అంచనా వేసుకోవడానికి ఆధారం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న వివాహిత స్త్రీలలో భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురైనవారు దేశం మొత్తమ్మీద సుమారు 29 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. తెలంగాణలో దాదాపు 37 శాతం. ఆ ఇళ్లలో చాలావాటిలో పిల్లలుంటారు. అదే సర్వేలో దీనికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టిన అంకె ఇంకొకటి ఉంది. హింసకు గురైన స్త్రీలలో సుమారు 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా. తల్లి ఫిర్యాదు ఇస్తేనే కదిలే వ్యవస్థ అంటే, నాలుగింట మూడు వంతుల ఇళ్లలోని పిల్లలను మొదటే వదిలేసిన వ్యవస్థ అన్నమాట.

రెండు చట్టాలు, రెండు దారులు

మన చట్టాల్లో లోపం ఉంది గానీ, చట్టమే లేదనడం సరికాదు. సమస్యంతా రెండు మంచి చట్టాలు పక్కపక్కనే నడుస్తూ ఒకదాన్నొకటి పలకరించకపోవడంలో ఉంది.

మొదటిది గృహ హింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఇందులో బాధితురాలంటే స్త్రీ. పిల్లలు ఆమె వెంట వస్తారు. అలాగని వాళ్లను పూర్తిగా మరచిపోలేదు. 18వ సెక్షన్ కింద ఇచ్చే రక్షణ ఉత్తర్వులో, బాధపడుతున్నది బిడ్డ అయితే ఆ బిడ్డ చదివే బడిలోకి హింసించినవాడు అడుగుపెట్టకుండా నిషేధించవచ్చు. ఆమె మీద ఆధారపడినవారిపై హింస జరపవద్దని ఆదేశించవచ్చు. 20వ సెక్షన్ కింద పిల్లల పోషణకు డబ్బు ఇప్పించవచ్చు. 21వ సెక్షన్ కింద పిల్లలను తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు, తండ్రి వచ్చి చూడటం బిడ్డకు హాని అనిపిస్తే దాన్ని నిరాకరించవచ్చు కూడా. కేసు మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు వేయాలి, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. కాగితం మీద ఇది చాలా దయగల చట్టం.

దీన్ని నడిపించాల్సింది ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణాధికారి. ఆమె దగ్గరికి తల్లి వెళ్తే గృహ హింస సంఘటన నివేదిక రాస్తారు. ఆఫీసుల్లో డీఐఆర్ అంటారు. ఆ ఫారంలో పిల్లల వివరాల గడి ఉంది: ఎంతమంది, పేర్లు, వయసులు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నారు. మంచిదే. నివేదిక ఎక్కడికి వెళ్తుందో చూడండి. మేజిస్ట్రేట్‌కు వెళ్తుంది. ప్రతులు ఆ పరిధిలోని పోలీసు స్టేషన్‌కు, సేవాసంస్థలకు వెళ్తాయి. తొమ్మిదో సెక్షన్ చెప్పిన జాబితా అక్కడితో సరి. పిల్లల కోసం ప్రత్యేకంగా పెట్టిన సంస్థల పేరు ఆ జాబితాలో లేదు. పిల్లల వివరాలు రాసుకున్న కాగితం, పిల్లల కోసం పనిచేసేవాళ్ల బల్ల మీదికి చేరదు. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకుంటారనుకుంటే అది ఈ వాక్యం కావాలని కోరుకుంటాను.

రెండోది 2015 నాటి బాలల న్యాయ చట్టం. దీని కింద ప్రతి జిల్లాకూ బాలల సంక్షేమ సమితి ఉంటుంది. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు, మేజిస్ట్రేట్ అధికారాలు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది. ప్రతి పోలీసు స్టేషన్‌లో ఏఎస్‌ఐ హోదాకు తగ్గని ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. గాయపరిచే, వేధించే మనిషితో కలిసి బతుకుతున్న బిడ్డ "సంరక్షణ, రక్షణ అవసరమైన బిడ్డ" కిందకు వస్తుంది. కానీ దెబ్బలు అమ్మకు పడుతుంటే వింటూ పెరిగే బిడ్డ ఆ నిర్వచనంలోకి వస్తుందా? చట్టం ఆ మాట విడమరచి చెప్పలేదు. కాబట్టి సమితి ముందుకు పారిపోయిన పిల్లలు, పనిలో దొరికిన పిల్లలు, బాల్యవివాహం నుంచి తప్పించిన పిల్లలు వస్తారు. ఇంట్లోనే ఉండి, బడికి వెళ్తూ, రాత్రుళ్లు నిద్రపోని పిల్లలు రారు.

పోక్సో చట్టంతో పోలిస్తే తేడా తెలుస్తుంది. బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే చెప్పి తీరాలని 2012 నాటి ఆ చట్టం నిర్బంధించింది. అందుకే ఈ రోజు హెడ్‌మాస్టర్లకు ఎవరికి చెప్పాలో తెలుసు, చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. గృహ హింస విషయంలో అదే హెడ్‌మాస్టరుకు దారి కనిపించదు. "అది వాళ్లింటి విషయం సార్" అనే మాటతో ఆగిపోతుంది. ఇక్కడ కూడా నిర్బంధం పెట్టాలని నేను అనను, ఎందుకో కింద చెబుతాను. కానీ నిర్బంధం వద్దనుకోవడం వేరు, దారే లేకపోవడం వేరు.

శాఖలు కలిసి పనిచేయాలని చట్టంలో లేదా అంటే, ఉంది. 2005 చట్టం 11వ సెక్షన్ న్యాయ, హోం, ఆరోగ్య, మానవ వనరుల శాఖల సేవల మధ్య సమన్వయం ఉండేలా చూడాలని, దాన్ని అప్పుడప్పుడు సమీక్షించాలని ప్రభుత్వాలను ఆదేశించింది. చట్టం రాసేనాటికి విద్య మానవ వనరుల శాఖలోనే ఉండేది. ఆ సమన్వయం సంగతి అటుంచి, మొదటి మెట్టయిన రక్షణాధికారుల నియామకమే చాలా రాష్ట్రాల్లో అరకొరగా మిగిలింది. వేరే ఉద్యోగం చేస్తున్న అధికారికి ఇది అదనపు బాధ్యతగా అంటగట్టడం మామూలైపోయింది. 2025 మేలో సుప్రీంకోర్టు కలగజేసుకుని, జిల్లా, తాలూకా స్థాయిలో రక్షణాధికారులను గుర్తించని రాష్ట్రాలు ఆరు వారాల్లో ఆ పని పూర్తి చేయాలని చెప్పాల్సి వచ్చింది. చట్టం అమల్లోకి వచ్చిన పద్దెనిమిదేళ్లకు.

ఇంగ్లండ్ నేర్చుకున్న పాఠం, పెట్టిన ఖరీదు

శాఖలన్నీ కలిసి పిల్లల్ని కాపాడటం అనే ఆలోచన మీద ఎక్కువ కాలం పనిచేసిన దేశాల్లో ఇంగ్లండ్ ఒకటి. అది వాళ్లకు ఊరికే రాలేదు. 2000 ఫిబ్రవరిలో లండన్‌లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పాప, బంధువురాలి దగ్గర ఉంటూ చిత్రహింసలు పడి చనిపోయింది. ఆ పాప నాలుగు ప్రాంతాల సోషల్ సర్వీసుల దృష్టికి వచ్చింది, రెండు ఆసుపత్రుల్లో చేరింది, రెండు పోలీసు బృందాలకు తెలుసు. లార్డ్ లామింగ్ విచారణ 2003లో ఇచ్చిన నివేదికలో, ఆమెను కాపాడగలిగిన సందర్భాలు పన్నెండు ఉన్నాయని తేల్చారు. ఏ ఒక్కరి దగ్గరా పూర్తి బొమ్మ లేదు. 2004లో వచ్చిన పిల్లల చట్టం పోలీసులు, ఆరోగ్య శాఖ, స్థానిక సంస్థలు సహకరించుకోవడాన్ని బాధ్యతగా మార్చింది.

గృహ హింస విషయంలో అక్కడ మూడు ఏర్పాట్లు ముఖ్యమైనవి. అత్యంత ప్రమాదంలో ఉన్న స్త్రీల గురించి పోలీసులు, ఆరోగ్య సిబ్బంది, హౌసింగ్, పిల్లల శాఖ, బాధితురాలి తరఫున మాట్లాడే కార్యకర్త ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కో కేసునూ పేరు పెట్టి చర్చించే సమావేశం మొదటిది. దీన్ని మరాక్ అంటారు, 2003లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో మొదలైంది. బిడ్డ గురించి ఏ మూల నుంచి ఆందోళన వచ్చినా వివిధ శాఖలవాళ్లు ఒకే గదిలో కూర్చుని, తమ తమ రికార్డులు తెరిచి చూసే కేంద్రం రెండోది. దాన్ని మ్యాష్ అంటారు.

మూడోది నాకు అన్నింటికంటే నచ్చినది. 2011లో ప్లిమత్ ప్రాంతంలో ఎలిజబెత్ కార్నీ-హావర్త్ అనే హెడ్‌టీచర్, పోలీసు శాఖలో పనిచేసే ఆమె భర్త డేవిడ్ కలిసి ఒక చిన్న ఏర్పాటు మొదలుపెట్టారు. రాత్రి గృహ హింస కాల్ మీద పోలీసులు వెళ్లిన ఇంట్లో పిల్లలుంటే, మర్నాడు బడి గంట కొట్టేలోపు ఆ బడిలో ఒక శిక్షణ పొందిన వ్యక్తికి కబురు అందాలి. అంతే. బడి చేసేది కూడా పెద్దదేమీ కాదు. ఆ పిల్లాడు ఆలస్యంగా వస్తే తిట్టరు, తినకుండా వస్తే తిండి పెడతారు, పరీక్ష ఉంటే మరోరోజు పెడతారు, మాట్లాడాలనిపిస్తే పక్కన ఒక మనిషి ఉంటారు. ఆపరేషన్ ఎన్‌కంపాస్ అనే ఈ పద్ధతి క్రమంగా ఇంగ్లండ్, వేల్స్‌లోని పోలీసు బలగాలన్నింటికీ పాకింది. 2024లో చట్టంలోకి ఎక్కింది. మన ఉదాహరణలో బెంచీ ఎక్కిన పిల్లాడిని తలచుకుంటే దీని విలువ తెలుస్తుంది.

వీటన్నింటికీ పునాదిగా 2021 నాటి గృహ హింస చట్టం మూడో సెక్షన్‌లో ఒక మాట రాసుకున్నారు. హింసను చూసిన, విన్న, దాని ప్రభావానికి గురైన బిడ్డ తన స్వంత హోదాలోనే బాధితుడు. తల్లి కేసులో ఒక వరుసగా మిగలకుండా, బిడ్డకంటూ ఒక హక్కు ఏర్పడింది. మన 2005 చట్టానికి ఎప్పుడైనా సవరణ తెస్తే మొదట తేవాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

ఇంత చేసినా అక్కడ పిల్లలు చనిపోవడం ఆగలేదు. 2020లో ఆర్థర్ అనే ఆరేళ్ల బాబు, స్టార్ అనే పదహారు నెలల పాప హత్యకు గురయ్యారు. 2022 మేలో వచ్చిన జాతీయ సమీక్షలో మళ్లీ అదే మాట: సమాచారం ముక్కలుగానే మిగిలింది, బంధువులు మొరపెట్టుకున్నది సరిగా చెవికెక్కలేదు. శాఖల మధ్య కబుర్లు పంపుకోవడం చాలదు, పోలీసు, ఆరోగ్య, సోషల్ వర్క్ నిపుణులు ఒకే బృందంగా కలిసి పనిచేయాలని ఆ సమీక్ష సిఫారసు చేసింది. 2024 డిసెంబరులో పార్లమెంటులో పెట్టిన బిల్లులో ఆ బృందాలకు చోటిచ్చారు. సమావేశాలు పెట్టడం సులువు. సమావేశం అయ్యాక ఆ ఇంటికి ఎవరు, ఏ రోజు వెళ్తారన్నది తేల్చడం కష్టం.

కలిపేటప్పుడు జరిగే పెద్ద తప్పు

ఇప్పుడు నిర్బంధం గురించి. అన్ని శాఖలూ కలిసి తల్లి మీద పడితే ఏమవుతుందో న్యూయార్క్ చూపించింది. 1990ల చివర్లో అక్కడి పిల్లల శాఖ, భర్త చేతిలో దెబ్బలు తిన్న తల్లులను "బిడ్డను హింస కంటపడకుండా కాపాడలేదు" అనే నెపంతో నిర్లక్ష్యం చేసినవాళ్లుగా లెక్కగట్టి, పిల్లల్ని తీసుకుపోయింది. తల్లులు కోర్టుకెక్కారు. 2002లో ఫెడరల్ జడ్జి జాక్ వైన్‌స్టైన్ అది రాజ్యాంగ విరుద్ధమన్నారు. బిడ్డ హింసను చూసిందన్న ఒక్క కారణంతో తల్లి నిర్లక్ష్యం చేసినట్టు కాదని 2004లో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు స్పష్టం చేసింది. ఆలోగా ఎందరో తల్లులు పాఠం నేర్చుకున్నారు: చెప్పకపోవడమే మేలని.

మన దగ్గరా ఆ ప్రమాదం ఉంది. బాలల న్యాయ చట్టంలో, బిడ్డను కాపాడే శక్తి లేని తల్లిదండ్రులున్న బిడ్డ కూడా రక్షణ అవసరమైన బిడ్డే. తొందరపాటు అధికారి చేతిలో ఆ వాక్యం తల్లికి వ్యతిరేకంగా తిరగొచ్చు. పిల్లల్ని సంస్థల్లో ఉంచడం చిట్టచివరి మార్గం కావాలని అదే చట్టం మూడో సెక్షన్‌లో చెబుతోంది, దాన్ని గట్టిగా పట్టుకోవాలి. టీచరు చెప్పి తీరాలని నిర్బంధం పెడితే, ఆ సంగతి తెలిసిన తల్లి బిడ్డను బడికి పంపడం మానేస్తుంది, లేదా నోరు మెదపవద్దని బిడ్డకు నేర్పుతుంది.

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాల్లో ఈ భయం రెట్టింపు. భర్త వీసా మీద లండన్‌కో డాలస్‌కో వెళ్లిన అమ్మాయికి, పోలీసులకు ఫోన్ చేస్తే పిల్లల్ని సోషల్ సర్వీసెస్ తీసుకుపోతాయని, తనను తిప్పి పంపేస్తారని భర్త చెప్పే మాట ఒక ఆయుధం. ఆమెకు భాష, డబ్బు, పాస్‌పోర్టు ఏవీ చేతిలో ఉండకపోవచ్చు. అక్కడి శాఖలు ఎంత చక్కగా కలిసి పనిచేసినా, ఆ భయం తీర్చే మనిషి తెలుగులో మాట్లాడేదాకా ఆమె గడప దాటదు.

ఈ చిక్కుకు అమెరికాలో డేవిడ్ మాండెల్ రూపొందించిన ఒక పద్ధతి మంచి జవాబు ఇస్తుంది. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోనూ దీన్ని వాడుతున్నారు. ప్రశ్నలను తల్లి వైపు నుంచి తండ్రి వైపు తిప్పడం దాని సారం. "నువ్వు ఎందుకు వదిలి రాలేదు" అని ఆమెను అడిగే బదులు, అతను ఏం చేశాడు, అది పిల్లల తిండి, నిద్ర, చదువు మీద ఎలా పడింది అని రాస్తారు. ఆమె పిల్లల కోసం ఇప్పటికే ఏమేం చేస్తోందో కూడా రాస్తారు. మన తల్లులు చేసేవి చాలా ఉంటాయి. గొడవ మొదలయ్యేలా ఉంటే పిల్లల్ని పక్కింటికి పంపేస్తారు. జీతం రోజు రాత్రి పుట్టింటికి తీసుకెళ్తారు. ఆడపిల్లను గురుకులంలోనో కస్తూర్బా విద్యాలయంలోనో చేర్పిస్తారు. చదువు కోసమే చేర్చారని అంతా అనుకుంటారు. దసరా సెలవులకు ఇంటికి వెళ్లడానికి ఇష్టపడని పిల్లను వార్డెన్ గమనించే ఉంటుంది. ఆ గమనించిన సంగతి రాసుకోవడానికి ఒక పుస్తకం లేదు, చెప్పడానికి ఒక మనిషి లేరు.

హింసించే ఆ తండ్రితో మాట్లాడేదెవరు అన్నది ఇంకా పెద్ద ఖాళీ. స్టేషన్‌లో కౌన్సెలింగ్ అంటే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయడమే ఎక్కువ. అతని ముందే ఆమెను అడిగితే ఆమె నిజం చెప్పలేదు. పిల్లలకు అతనివల్ల కలుగుతున్న నష్టాన్ని అతనికి ముఖం మీద చెప్పి, ప్రవర్తన మారిందో లేదో నెలల తరబడి కనిపెట్టి ఉండే కార్యక్రమం మన జిల్లాల్లో నాకు కనబడలేదు. భారమంతా ఆమె నెత్తినే.

ఇక్కడ, ఇప్పుడు చేయగలిగినవి

కొత్త శాఖ అక్కర్లేదు. తెలంగాణలో 2016లో హైదరాబాద్‌లో మొదలై విస్తరించిన భరోసా కేంద్రాలు పోలీసు, వైద్యం, న్యాయ సాయం, కౌన్సెలింగ్‌ను ఒకే కప్పు కిందకు తెచ్చాయి. హింసకు గురైన స్త్రీలకు సాయం కోసం 2015 నుంచి కేంద్ర పథకం కింద నడుస్తున్న సఖి కేంద్రాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా పోలీసులు వచ్చారు. చోటు ఉంది, మనుషులు ఉన్నారు. తల్లి కోసం తెరిచిన తలుపు దగ్గర, వెంట వచ్చిన బిడ్డను చూసే పని కూడా ఒకరికి అప్పగించాలి.

మొదటి పని 112 కాల్ దగ్గర. గృహ హింస కాల్ మీద వెళ్లిన పోలీసు ఇంట్లో పిల్లలున్నారా, వయసులెంత, ఏ బడి అనే మూడు ప్రశ్నలు అడిగి, పిల్లల్ని కళ్లారా చూసి, రాసుకోవాలి. ఆ వివరం తెల్లారేసరికి ఆ స్టేషన్‌లోని బాలల సంక్షేమ పోలీసు అధికారికి, అక్కడి నుంచి జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లాలి. ఆ అధికారి ఉండాలని చట్టం ఇప్పటికే చెప్పింది కాబట్టి, ఒక సర్క్యులర్‌తో జరిగే పని. డీఐఆర్ ప్రతి ఒకటి కూడా అదే విభాగానికి పంపమని రక్షణాధికారులకు చెప్పాలి.

బడికి కబురు పంపే విషయంలో ప్లిమత్ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. ఊళ్లో టీచరుకు తండ్రి చుట్టమో స్నేహితుడో కావచ్చు. మధ్యాహ్నానికి ఊరంతా పాకితే ఆ రాత్రి తల్లికి మళ్లీ దెబ్బలే. అందుకే బడికి వెళ్లే కబురులో గొడవ వివరం ఒక్కటీ ఉండకూడదు. "ఈ బిడ్డను ఈ వారం కాస్త కనిపెట్టుకోండి, తేడా కనిపిస్తే ఈ నంబరుకు చెప్పండి" అన్నంత చాలు. ప్రతి బడికీ ఒకే వ్యక్తి, వీలైతే మహిళా టీచరు, ఆ కబురు అందుకోవాలి. తల్లికి చెప్పి చేయాలి. ఆమె వద్దంటే, బిడ్డ ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు తప్ప, ఆ మాటకు విలువ ఇవ్వాలి.

తర్వాత నెలకోసారి కేసుల మీద సమావేశం. కలెక్టర్ల అధ్యక్షతన సమీక్షలు ఇప్పటికీ జరుగుతాయి గానీ అవి ఎన్ని కేసులు, ఎంత ఖర్చు అనే పట్టికల మీద సాగుతాయి. కావాల్సింది రక్షణాధికారి, సంక్షేమ సమితి సభ్యులొకరు, సఖి కేంద్రం, పోలీసు, ఆసుపత్రి, విద్యాశాఖ నుంచి ఒక్కొక్కరు కూర్చుని, ప్రమాదం ఎక్కువగా ఉన్న కొద్ది ఇళ్ల గురించి మాట్లాడుకోవడం. లేచేముందు ప్రతి ఇంటికీ ఒక పేరు, ఒక తేదీ రాయాలి.

డబ్బు, చదువు, నీడ అనే మూడింటిలో పిల్లలకు దక్కాల్సినవి ఇప్పటికే ఉన్నాయి, అడిగేవాళ్లే లేరు. పిల్లల రక్షణ కోసం కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద, ఆదాయ పరిమితికి లోబడి, విడాకులైన, వితంతువైన, కుటుంబం వదిలేసిన తల్లుల పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. తనంతట తాను బయటికి వచ్చిన తల్లి ఈ మాటల్లో దేని కిందకు వస్తుందో తేల్చి, ఆమెను కూడా కలుపుకోవాలి. పుట్టింటికి చేరిన తల్లికి టీసీ పెద్ద తలనొప్పి. విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు, సంవత్సరం మధ్యలోనైనా సరే. ఇది రక్షణాధికారి ఒక్క ఫోన్‌తో చేయించగల పని. నీడ సంగతికొస్తే, సఖి కేంద్రాల తొలి మార్గదర్శకాల్లో తల్లితో పాటు ఉండే మగపిల్లలకు ఎనిమిదేళ్ల పరిమితి పెట్టారు. గీత ఏ వయసు దగ్గర గీసినా, దాని అవతల పడిన కొడుకును వదిలి ఏ తల్లీ రాదు. అతన్ని తల్లికి దగ్గరలో, సురక్షితంగా ఉంచే చోటు జిల్లాకొకటైనా కావాలి.

ఫిర్యాదు చేయని ఆ 77 శాతం గురించి ఒక మాట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం అక్షరదీపం తరగతుల నుంచి పుట్టింది. చదువుకోవడానికి కూర్చున్న చోట ఆడవాళ్లు తాగుబోతు భర్తల దెబ్బల గురించి, ఇంటికి చేరని కూలి డబ్బుల గురించి మాట్లాడుకున్నారు. ఫిర్యాదు కోసం పెట్టిన కౌంటర్ దగ్గర నోరు పెగలని స్త్రీ, పొదుపు సంఘం మీటింగులో, అంగన్‌వాడీ వరండాలో, టీకాల రోజున ఏఎన్‌ఎం దగ్గర మాట్లాడుతుంది. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆ మాట ఎలా వినాలో, విన్నాక ఎవరికి, ఎంత చెప్పాలో నేర్పడం మీద పెట్టే ఖర్చు మిగతా అన్నింటికంటే ముందు ఫలితం ఇస్తుంది.

పక్కింటివాళ్లకు, బంధువులకు ఒక భరోసా చట్టంలోనే ఉంది. 2005 చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం గృహ హింస జరుగుతోందని నమ్మే ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద ఏ కేసూ ఉండదు. మహిళలకు 181, పిల్లలకు 1098, ప్రాణాపాయం ఉంటే 112. ఈ నంబర్లను 112తో కలుపుతున్నా, ఒకచోట చెప్పింది ఇంకోచోటికి చేరుతుందన్న భరోసా లేదు కాబట్టి, 181కి చేసినప్పుడు పిల్లల వయసులు, వాళ్ల బడి పేరు కూడా చెప్పండి. 1098కి చేసినప్పుడు తల్లికి ఏం జరుగుతోందో కూడా చెప్పండి.